జట్టులో పేరుంది, ఆటలో చోటేది? కర్ణాటక క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

యువ సబలీకరణ, క్రీడా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

బెంగళూరులో జూనియర్ జట్లకు కోచింగ్ ఇచ్చేవాళ్లం, అంపైరింగ్ చేసేవాళ్లం, స్కోరు రాసేవాళ్లం కలిసి రాస్తున్నాం. కన్నడ ప్రతి మీ కార్యాలయానికి పంపుతున్నాం. తెలుగులో ఎందుకంటే, మారతహళ్లి, కె.ఆర్.పురం, వర్తూరు వైపు తెలుగు ఇళ్లలో, జట్టులో పేరున్నా ఆట దక్కని పిల్లల బాధ గడప దాటడం లేదు. "మన ఊరు కాదు, అడిగితే ఉన్న చోటు కూడా పోతుందేమో" అని అమ్మానాన్నలు నోరు మెదపరు.

మేం కోరేది ఒక్కటే. ప్రభుత్వ మైదానంలో గానీ, ప్రభుత్వ డబ్బుతో గానీ జరిగే 14 ఏళ్ల లోపు పోటీల్లో, జట్టు జాబితాలో పేరున్న ప్రతి పిల్లకూ పిల్లాడికీ కనీసం ఇంత అని ఆట దక్కాలని ఉత్తర్వు ఇవ్వండి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో, రాష్ట్ర జాబితా 33వ అంశం కింద క్రీడలు రాష్ట్రానివి. కంఠీరవ స్టేడియం, కోరమంగళ ఇండోర్ స్టేడియం మీ శాఖవే. మైదానం ఇచ్చేటప్పుడు పెట్టే షరతుల్లో మరొకటి చేరిస్తే చాలు.

ముందు క్రికెట్. ఇందులో బెంచి బౌండరీ బయటే కాదు, లోపల కూడా ఉంటుంది. సబ్‌స్టిట్యూట్ ఫీల్డింగ్ చేయవచ్చు, అంపైర్లు ఒప్పుకుంటే కీపింగ్ చేయవచ్చు, బ్యాటింగ్, బౌలింగ్ మాత్రం చేయకూడదు. అందుకే పదిహేనుమంది జట్టులో నలుగురు నీళ్ల సీసాలు మోస్తారు. ఇక పదకొండుమందిలో ఉన్నవాళ్ల సంగతి చూడండి. 25 ఓవర్ల మ్యాచ్, బౌలరుకు ఐదేసి ఓవర్లు అంటే ఐదుగురితో పని అయిపోతుంది. ఓపెనర్లు నిలదొక్కుకుంటే తొమ్మిదో నంబరు కుర్రాడు గంటకు పైగా ప్యాడ్లు కట్టుకుని కూర్చుని, చివరికి విప్పేస్తాడు. పిక్కల మీద పట్టీల అచ్చులు పడి ఉంటాయి, బ్యాటు మీద మాత్రం ఎర్రటి మచ్చ ఒక్కటీ ఉండదు. ఫీల్డింగులో లాంగాన్ దగ్గర నిలబెడతారు, బంతి రెండుసార్లు అటు వస్తే గొప్ప. స్కోరు బుక్కు ప్రకారం అతను ఆడినట్టే లెక్క.

దీనికి మందు క్రికెట్ చట్టాల్లోనే ఉంది. రెండు జట్లూ ఒప్పుకుంటే పదకొండుమంది కంటే ఎక్కువమందితో ఆడవచ్చని మొదటి చట్టమే చెబుతుంది. ఒక సమయంలో పదకొండుమందికి మించి ఫీల్డింగులో ఉండకూడదు, అంతే. కాబట్టి జట్టుకు 13 మంది పెట్టండి. ఫీల్డింగులో ఐదు ఓవర్లకొకసారి ఇద్దరు బయటికి, ఇద్దరు లోపలికి. ఆలౌట్ అంటే 12 వికెట్లు. స్కోరు బుక్కులో పదకొండు గళ్లే ఉంటాయి గనుక కింద రెండు గీతలు కొట్టుకోవాలి. ఒక్కో బ్యాటరుకు 20 బంతుల హద్దు పెడితే, 150 బంతుల్లో ఎవరూ అవుట్ కాకపోయినా ఎనిమిదిమంది క్రీజులోకి రాక తప్పదు. హద్దు దాటి బయటికి వచ్చినవాళ్లు, మిగతా అందరి వంతూ అయ్యాక మళ్లీ దిగవచ్చు. బౌలరుకు మూడు ఓవర్లే అంటే కనీసం తొమ్మిదిమంది చేతికి బంతి వస్తుంది. అప్పటికీ బ్యాటింగ్ వంతు రానివాళ్లు తర్వాతి మ్యాచ్‌లో మొదటి నలుగురిలో దిగాలి.

మే నెల సాయంత్రం వానలకు ఓవర్లు తగ్గినప్పుడు ముందు కోతపడేది ఈ పిల్లల వంతే. కాబట్టి హద్దులు కూడా ఓవర్లతో పాటే తగ్గాలి: 15 ఓవర్లయితే బ్యాటరుకు 12 బంతులు, బౌలరుకు రెండు ఓవర్లు. ఇది ముందే రాసి ఉండకపోతే, చినుకులు పడుతుండగా స్కోరర్ల టేబుల్ దగ్గర గొడవ మొదలవుతుంది.

ఫుట్‌బాల్‌కు లెక్క ఇంకా సులువు. పిల్లల ఆటలో బయటికి వచ్చినవాళ్లు మళ్లీ లోపలికి వెళ్లే పద్ధతికి నిబంధనల్లో వీలుంది. ఏడుగురి జట్టు, 50 నిమిషాల ఆట, జాబితాలో 12 మంది అనుకోండి. ఆటను పన్నెండున్నర నిమిషాల చొప్పున నాలుగు ముక్కలు చేస్తే 28 చోట్లు వస్తాయి. తలా రెండు ఇస్తే 24 పోతాయి, మిగిలిన నాలుగూ కోచ్ ఇష్టం. బాస్కెట్‌బాల్‌లో నాలుగు క్వార్టర్లు, కోర్టులో ఐదుగురు, మొత్తం 20 చోట్లు. పన్నెండుమందికి ఒక్కో పూర్తి క్వార్టర్ ఇచ్చాక కూడా ఎనిమిది మిగులుతాయి. కబడ్డీలో నిమిషాలు లెక్కపెడితే మోసపోతాం. రెండో నిమిషంలో అవుటైన పిల్ల, తన జట్టు పాయింటు తెచ్చి వంతు వచ్చేదాకా బయటే కూర్చుంటుంది. అక్కడ ఎన్ని రెయిడ్లకు వెళ్లిందో రాయాలి.

గెలవాలనుకునే కోచ్‌ను తప్పుపట్టడం లేదు. కానీ పన్నెండేళ్ల వయసులో అతను ఎంచుకునేది చాలాసార్లు ఆటను కాదు, ఒడ్డూ పొడవును. బీసీసీఐ వయసు లెక్కకు సెప్టెంబర్ 1 హద్దు. సెప్టెంబర్‌లో పుట్టిన పిల్లాడు, తర్వాతి ఆగస్టులో పుట్టిన పిల్లాడు ఒకే జట్టులో ఉంటారు, మధ్యలో దాదాపు ఏడాది తేడా. పెద్దవాడు ఆడతాడు, ఆడినకొద్దీ మెరుగవుతాడు. చిన్నవాడు కూర్చుంటాడు, కూర్చున్నకొద్దీ వెనకబడతాడు. ఇద్దరి మధ్య దూరం పెంచి, దానికి ప్రతిభ అని పేరు పెడుతున్నాం.

గంటసేపు కూర్చోబెట్టి, ఆఖరి ఐదు నిమిషాలకు లేపి పరుగెత్తమంటే తొడ వెనక కండరం పట్టేస్తుంది. దింపే ముందు ఏడెనిమిది నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా మళ్లీ కదిలించాలి. దీన్ని కూడా షరతుల్లో చేర్చండి.

పక్కన పెట్టడానికి సరైన కారణాలూ ఉన్నాయి: దెబ్బ, జ్వరం, అంపైరు మీద నోరు పారేసుకోవడం, చెప్పకుండా ప్రాక్టీస్ మానేయడం. అలాంటప్పుడు ముందురోజు సాయంత్రమే పిల్లాడికి చెప్పాలి, కారణం ఒక్క వాక్యంలో షీటు మీద రాయాలి. "వాళ్ల నాన్న ప్రశ్నలు వేశాడు" అన్నది కారణం కాదు. తల్లిదండ్రులకూ ఒక కట్టుబాటు ఉండాలి. మ్యాచ్ రోజు కోచ్‌ను నిలదీయకూడదు. మర్నాడు అడగాలి, తమ బిడ్డ గురించే అడగాలి.

అమెరికాలో పిల్లల సాకర్ సంస్థ ఏవైఎస్ఓ 1964లో మొదలైంది. ప్రతి పిల్లా సగం ఆటకు తక్కువ కాకుండా ఆడాలన్నది దాని నియమం. అక్కడి లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లోనూ కనీస ఆట నిబంధన ఉంది. మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

ఉత్తర్వు వచ్చిన వారానికే దొంగదారులు పుడతాయి. వాటిలో పెద్దది, బలహీనమైన పిల్లల పేర్లు అసలు జాబితాలోనే రాయకపోవడం. అందుకే మ్యాచ్‌తో పాటు సీజన్‌నూ లెక్కలోకి తీసుకోండి: అకాడమీ నమోదు చేసిన ప్రతి పిల్లా ఆరు మ్యాచ్‌ల్లో కనీసం మూడింటిలో ఉండాలి. ఆడించని పిల్లల దగ్గర ఆ రోజు మ్యాచ్ ఫీజు తీసుకోకూడదు. తెల్లవారుజామున ఐదున్నరకు లేచి, రింగ్ రోడ్డు దాటి, ఫీజు కట్టి, కుర్చీలో కూర్చుని వెళ్లే పిల్లలున్నారు మంత్రి గారూ.

నియమం తప్పితే పాయింట్లు కోయకండి, అది మళ్లీ పిల్లల మీదే పడుతుంది. తర్వాతి మ్యాచ్‌కు ఆ కోచ్‌ను జట్టు పక్కన కూర్చోనివ్వకండి. ఇక రాష్ట్ర జట్ల ఎంపికనూ, మైసూరు దసరా క్రీడల లాంటి పోటీలనూ ఇందులోకి తేవద్దు. అక్కడ గెలుపు కోసమే ఆడాలి.

వచ్చే వేసవి సీజన్‌లో, మీకు నచ్చిన ఒక్క మైదానంలో దీన్ని నడిపి చూడండి. కావలసింది ఒక కాగితం, ఒక గడియారం, స్కోరరు పక్కన ఇంకొక మనిషి. కాగితంలో ఆరు గళ్లు చాలు: పేరు, పుట్టిన తేదీ, లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, ఆడనివ్వకపోతే కారణం, కోచ్ సంతకం. నింపిన నమూనా కన్నడ ప్రతికి జతచేశాం. ఆ రెండో మనిషిగా కూర్చోవడానికి మేం వంతులు వేసుకుని వస్తాం, డబ్బేమీ అక్కర్లేదు.

ఇట్లు,
బెంగళూరులోని తెలుగు జూనియర్ కోచ్‌లు, అంపైర్లు, స్కోరర్లు