కుప్పళ్ళి కవిమనె యాత్ర విషయమై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
యాత్రా సంస్థ ప్రధాన కార్యాలయం,
రాజమహేంద్రవరం.

విషయం: కుప్పళ్ళి సందర్శన కుదించడం, ఆ తరువాత మా ఫిర్యాదును మీ సిబ్బంది పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

మీరు నడిపిన కర్ణాటక పుణ్యక్షేత్రాల యాత్రకు అమలాపురం నుంచి విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం, మాతోపాటు కొబ్బరి రైతులు కొందరు, కుటుంబాలతో సహా వచ్చాము. ఉడుపి, కొల్లూరు, ధర్మస్థల, శృంగేరి ఏ యాత్రా సంస్థ అయినా చూపిస్తుంది. మేము మీ బస్సే ఎక్కడానికి కారణం, మీ కరపత్రంలో శృంగేరి కింద అచ్చయిన ఒక్క వాక్యం: "కుప్పళ్ళిలో రాష్ట్రకవి కువెంపు జన్మగృహం, కవిశైలం, వక్కతోటల సందర్శన, ఒక పూట." కన్నడ మహాకవి కువెంపు గారు 1904లో పుట్టింది తల్లిగారి ఊరైన హిరేకొడిగెలో, పెరిగింది కుప్పళ్ళిలో. ఈ తప్పును మాత్రం నేను ఫిర్యాదులో చేర్చడం లేదు. తప్పులు దిద్దే ఉద్యోగం నుంచి నేను ఏనాడో విరమించాను.

ఆ పూట జరిగినది క్లుప్తంగానే చెబుతాను. శృంగేరి నుంచి తీర్థహళ్ళి వైపు వెళ్ళే దారిలో మీ డ్రైవరు బస్సును జీడిపప్పు, మిరియాలు అమ్మే ఒక దుకాణం ముందు ఆపి, కొనేవాళ్ళు కొన్నా, కొనని వాళ్ళు కూర్చున్నా, ఎంతకీ కదలలేదు. కుప్పళ్ళి చేరేసరికి కవిమనె, అంటే సందర్శకులకు తెరిచి ఉంచిన ఆ కవిగారి ఇల్లు, మూసే వేళయింది. అక్కడి ఉద్యోగులు మా నెరిసిన తలలు చూసి లోపలికి రానిచ్చారు. మా కోనసీమ మండువా లోగిళ్ళను ఎవరో ఎత్తి మూడంతస్తులు చేసినట్టున్న ఇల్లు అది. లావాటి చెక్క స్తంభాలు, నడుమ వాకిట్లో తులసికోట, ఆ ఇంటివారు వాడిన పాత్రలు, సేద్యపు పనిముట్లు, కువెంపు గారి పెళ్ళినాటి మండపం. చీకటి గదుల్లో ఒక్కొక్క వస్తువు దగ్గర ఆగి చూస్తుండగానే బయట మీ బస్సు హారన్ మొదలైంది. ఆయన సమాధి ఉన్న కవిశైలం గుట్ట ఎక్కనే లేదు. వక్కతోటలు చూడాలనే ఇంత దూరం వచ్చిన రైతులు వాటిని కిటికీలోంచి చీకట్లో చూసుకున్నారు.

ఇంతటితో ఆగి ఉంటే నేను కలం పట్టేవాణ్ణి కాను. బస్సన్న తరువాత ఆలస్యం కావచ్చు. ఆ సాయంత్రం మీ టూర్ మేనేజరు "పొరపాటయిందండీ" అని ఒక్క మాట అని ఉంటే అక్కడే మరిచిపోయేవాళ్ళం. ఆయన అన్నది, "ఆఫీసుకు ఫోన్ చేసుకోండి సార్." అన్నట్టే ఇంటికి చేరాక చేశాను.

మా కాల్ మీకు ఎంతో ముఖ్యమని మీ యంత్రం పలుమార్లు హామీ ఇచ్చిన తరువాత ఒక అమ్మాయి పలికింది. విషయమంతా ఓపికగా వివరించాను. అంతా విని, "కవిమనె అంటే ఏ హోటల్ సార్? రూమ్‌లో ఏసీ పని చేయలేదా?" అని అడిగింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న కంప్యూటర్‌లో బస్సు, గది, భోజనం అని మూడే ఫిర్యాదులు ఉన్నాయట. చూపిస్తామన్న చోటు చూపించకపోతే ఏది నొక్కాలో మీరు ఆమెకు చెప్పలేదు. ఏదో ఒకటి నొక్కాలి కాబట్టి భోజనం నొక్కింది. మరునాడే నా ఫోన్‌కు సందేశం వచ్చింది: "మీ భోజన సమస్య పరిష్కరించబడినది." నిజం చెప్పాలంటే ఆ యాత్రలో భోజనమే బాగుంది. మీ సంస్థ పరిష్కరించినది, అసలు లేని సమస్య ఒక్కదాన్నే.

తరువాత అమలాపురంలోని మీ బ్రాంచికి వెళ్ళాను. కుర్రవాడు మర్యాదస్తుడే; కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "ఆయ్, అది మా చేతుల్లో లేదండి, రాజమండ్రి వెళ్తే అయిపోద్దండి" అన్నాడు. సరేనని రావులపాలెం మీదుగా బస్సులో రాజమహేంద్రవరం వచ్చి మీ ప్రధాన కార్యాలయం మెట్లెక్కితే, "బుకింగ్ ఎక్కడ చేశారో అక్కడే కంప్లయింట్ ఇవ్వాలి" అని కౌంటర్‌లో తేల్చి చెప్పారు. బ్రాంచి వాళ్ళే ఇక్కడికి పంపారని చెబితే, అలా రాసిన కాగితం తెమ్మన్నారు. కాగితం కోసం అమలాపురం వస్తే, అలాంటి కాగితం ఇచ్చే అధికారం తనకు లేదని ఆ కుర్రవాడు చాలా బాధపడ్డాడు. గోదావరి పాయల మీద ఈ మధ్య అన్ని వంతెనలు పడ్డా, మీ రెండు ఆఫీసుల మధ్య మాత్రం ఇప్పటికీ రేవు లేదు.

చివరికి ఒక సీనియర్ మేనేజరు గారి దర్శనం దొరికింది. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండా అన్న మాట ఇది: "గుళ్ళన్నీ చూపించాం కదండీ, పాత ఇల్లొకటి పోతే ఏముంది?" ఆ మాట వినకపోయి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు ఉండేది కాదు. ఆ పాత ఇంట్లో పెరిగిన మనిషి కన్నడానికి 1967లో తొలి జ్ఞానపీఠం తెచ్చారు, అదీ రామాయణ కావ్యానికి. మన విశ్వనాథ వారి రామాయణానికి 1970లో ఆ పురస్కారం వచ్చినప్పుడు తెలుగుకూ అదే తొలిసారి. ఆ ఇంటిని, ఆ గుట్టను కన్నడిగులు ఒక ప్రతిష్ఠానం పెట్టి కాపాడుకుంటున్నారు. బోయి భీమన్న గారు పుట్టిన మామిడికుదురు మాకు కూతవేటు దూరం. చెళ్ళపిళ్ళ వారి కడియం మీకు ఇంకా దగ్గర. ఆ ఊళ్ళలో మీ బస్సు ఆగి చూపించేందుకు మనం ఏం మిగుల్చుకున్నామో మీ మేనేజరు గారికి తెలిస్తే నాకూ చెప్పమనండి. పట్నం ఇల్లే అయినా, మీ ఊళ్ళోనే కందుకూరి వారి ఇల్లు ఉంది. పాత ఇల్లు పోతే ఏముందన్న పెద్దమనిషి ఒకసారి అక్కడికి వెళ్ళి రావచ్చు, బస్సు కూడా అక్కరలేదు.

ఇంత జరిగాక మీ దగ్గర నుంచి వచ్చినది ఒక కూపన్: తరువాతి యాత్రలో అయిదు వందల తగ్గింపు, సింగపూర్ యాత్రకు మాత్రమే వర్తిస్తుంది. పెన్షన్ మీద బతికే మాష్టారికి సింగపూర్ చూపించాలన్న మీ పెద్ద మనసుకు నమస్కారం.

2015 పుష్కరాల నాటికి మీ సంస్థను మా ఊళ్ళో పెద్దగా ఎవరూ ఎరగరు. కాశీకి, రామేశ్వరానికి మీ బస్సుల్లో మేము వెళ్ళాము, మా మాట మీద వియ్యపువాళ్ళు వెళ్ళారు, వాళ్ళ మాట మీద వాళ్ళ ఊరివాళ్ళు వెళ్ళారు. అప్పట్లో మీ ఫోన్ మీరే ఎత్తేవారు. ఇప్పుడు యంత్రం ఎత్తుతోంది.

నాకు డబ్బు ముఖ్యం కాదు. అయినా కుప్పళ్ళి పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము తిరిగి ఇవ్వడం మీ ధర్మం, అది మా రైతులకు అందాలి. అంతకన్నా ముందు మీ చేతి సంతకంతో ఒక జవాబు రావాలి. అందులో ఆ పూట ఏమైందో, మీ మేనేజరు గారి మాటను మీరు సమర్థిస్తున్నారో లేదో ఉండాలి. ఈ నెలాఖరు వరకు ఎదురుచూస్తాను. ఆ తరువాత 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 చట్టం ప్రకారం నేనున్న చోటనే కేసు వేయవచ్చు, అయిదు లక్షల లోపు చెల్లింపులకు రుసుము లేదు, రెండేళ్ళ గడువుంది. విశ్రాంత ఉపాధ్యాయుడికి తీరిక ఎంత ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఎవరి బస్సు ఎక్కాలని మా పెన్షనర్ల సంఘంలో అడిగేవాళ్ళకు ఈ ఉత్తరం నకలు చదివి వినిపిస్తాను.

దీన్ని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దయచేసి భోజన విభాగానికి పంపవద్దు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
అమలాపురం.