పదిహేను గడులూ నింపాలా?

సంపాదకులకు,

అమెరికాలో ప్రీమెడ్, అంటే మెడికల్ కాలేజీకి ముందు చేసే డిగ్రీ, చదివే మన పిల్లలు కనిపించిన క్లబ్బులోనల్లా చేరిపోతున్నారు. మెడికల్ కాలేజీల్లో ప్రవేశానికి పెట్టే ఏఎంసీఏఎస్ అనే ఉమ్మడి దరఖాస్తులో 15 కార్యకలాపాల దాకా రాయొచ్చు, అన్నీ నింపి తీరాలనేం లేదు. ముఖ్యమైనవిగా చూపే మూడింటి గురించి మాత్రం మరింత వివరంగా రాయాలి. అక్కడ పేరుకు చేసిన పనులు నిలవవు.

మా అమ్మాయి హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే చోట, వాలంటీరు. మాట పడిపోయిన ఒక పెద్దాయన చూపు కిటికీ వైపు తిరిగితే పరదా తీయాలని, నుదురు ముడిపడితే నర్సును పిలవాలని అక్కడే తెలుసుకుంది. ఏ ల్యాబులోనూ ఇది పట్టుబడదని నా గట్టి నమ్మకం. వీణ కూడా మానొద్దన్నాను. కళలకూ, అభిరుచులకూ ఆ దరఖాస్తులోనే చోటుంది. తల్లిదండ్రులారా, దయచేసి పక్కవాళ్ల జాబితా తెచ్చి పిల్లల చేతిలో పెట్టకండి.

- ఒక ప్రీమెడ్ విద్యార్థిని తల్లి, న్యూజెర్సీ