సైలెన్సర్ మారిస్తే చలానా, మరి రంపం బ్రేకు పీకేస్తే?

సంపాదకుల వారికి,

నమస్కారం. అనంతపురం పాతూరులో నాకు చిన్న మెకానిక్ షాపు ఉంది. ఒకప్పుడు యెజ్డీలు, ఆర్‌ఎక్స్ 100లు విప్పి బిగించడమే నా పని. ఆ బండ్లు కరువైపోయాయి గానీ టూ-స్ట్రోక్ ఇంజిన్ మాత్రం నన్ను వదల్లేదు. మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, అన్నిటికన్నా ఎక్కువగా చెట్లు కోసే చైన్‌సాలు ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నాయి. రంపం గురించి పేపరుకు రాసేదేముంది అని మీరు అనుకోవచ్చు. ఈసారి రోడ్డు పక్కన చెట్టెక్కి కొమ్మలు కొట్టే మనిషి కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. కాళ్లకు చెప్పులు ఉండవు, లుంగీ ఎగ్గట్టి ఉంటుంది, ఒక చెయ్యి కొమ్మ మీద, ఇంకో చేతిలో రంపం. ఆ రంపానికి ఏముంది, ఏం లేదు అన్నది చెప్పాలనే ఈ లేఖ.

మా వైపు నడిచే మిషన్లలో కొత్తవి కొన్నే. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ చెట్లు కొట్టి అలిసిపోయిన పాత మిషన్లు బెంగుళూరు మీదుగా సెకండ్ హ్యాండ్‌లో దిగుతాయి. బోర్లు ఎండిపోయి చీనీ (బత్తాయి) తోట తీసేసే రైతుకు, కంప కొట్టి బొగ్గు కాల్చేవాళ్లకు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చింతచెట్లు కాంట్రాక్టుకు పట్టినవాళ్లకు అవే ఆధారం. పాతవని నాకు చిన్నచూపు లేదు. ముప్పై, నలభై ఏళ్ల కిందటి మిషన్ అయినా పిస్టన్, రింగులు మారిస్తే మళ్లీ లేచి కూర్చుంటుంది.

ప్రస్తుతం నా బల్ల మీద రెండున్నాయి. ఒకటి స్టిల్ 041, ఇంకోటి హస్క్‌వర్నా 61. కొనడానికి వచ్చేవాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు: ఎన్ని సీసీ, బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగు పట్టీ) ఎన్ని అంగుళాలు, ఎంతకిస్తావు. రెండూ సుమారు 61 సీసీ అంటే "అయితే రెండూ ఒకటే, తక్కువకొచ్చేది ఇవ్వు" అంటారు. ఒకటి కాదు. 041 బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 44 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 40. హస్క్‌వర్నా బోరు 48, స్ట్రోకు 34. స్ట్రోకు పొడుగున్న 041 పాత బుల్లెట్ లాంటిది, తొందర ఉండదు, ఎండిన చింత మొద్దులో దించినా మొండిగా లాగుతుంది. హస్క్‌వర్నా ఆర్‌ఎక్స్ లాంటిది, రేజ్ చేస్తేనే దానికి ప్రాణం. చీనీ కొమ్మలను కాయగూరలు తరిగినట్టు తరుగుతుంది. పాత 041లలో కొన్నింటికి ప్లగ్గుకు కరెంటు అందించే ప్లాటినం పాయింట్లు ఉంటాయి, వానాకాలంలో వాటితో ఒకటే తలనొప్పి. మోడల్ పేరు వెనక 'ఏవీ' అని ఉంటే పిడికీ ఇంజిన్‌కీ మధ్య రబ్బర్లు ఉన్నాయని అర్థం. అవి అరిగిపోయిన మిషన్‌ను ఏళ్ల తరబడి పట్టుకున్నవాళ్ల వేళ్లు చలికాలం పొద్దున తెల్లగా పాలిపోయి మొద్దుబారతాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇద్దరికి అలా అయింది. తిమ్మిర్లు అనుకుని నూనె రాసుకుంటున్నారు.

ఇవన్నీ పనితనంలో తేడాలు. ప్రాణానికి సంబంధించిన తేడా వేరే ఉంది. హస్క్‌వర్నాకు ముందు పిడి ఎదురుగా నిలువుగా ఒక గార్డు ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే చైన్ టక్కున ఆగిపోతుంది. అదే చైన్ బ్రేకు. నా దగ్గరున్న 041 బ్రేకు రాకముందు తయారైనది. స్టిల్ కంపెనీ బ్రేకు తెచ్చింది 1972లో. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతా కంపెనీల మిషన్లకూ వచ్చింది.

ఆ బ్రేకు ఎందుకంటే, బార్ కొన పైభాగం చాటునున్న కొమ్మకో, లోపలున్న మేకుకో తగిలితే చైన్ అక్కడ పట్టేస్తుంది, ఆ ఊపుకు మిషన్ మొత్తం ఎగిరి మనిషి మీదికి తిరగబడుతుంది. ఇంజిన్ నిమిషానికి 9,000 తిరుగుళ్లలో ఉంటే చైన్ సెకనుకు 20 మీటర్ల వేగంతో పరిగెడుతుంది, అంటే హైవే మీద పోయే బస్సు వేగం. మిషన్ ఎగిరినప్పుడు మన ఎడమ మణికట్టు ఆ గార్డుకు తగిలి బ్రేకు పడుతుంది. మనం ఆలోచించి వేసే బ్రేకు కాదది. ఆలోచించేంత టైము ఉండదు.

ఇక మార్పుల సంగతి. టూ-స్ట్రోక్ చేతికి దొరికితే ఊరుకోలేని జాతి మాది. ఆర్‌ఎక్స్‌కు పోర్టింగ్ చేసి, సైలెన్సర్ లోపల గుల్ల చేసి, కాలేజీ పిల్లల చేత శభాష్ అనిపించుకున్న రోజులున్నాయి నాకు. రంపాల్లోనూ ఆ సరదా ఉంది. హస్క్‌వర్నా 61, 268, 272 మోడళ్ల స్ట్రోకు ఒకటే, 34 మిల్లీమీటర్లు. 61 మీద ఉన్న 48 బోరు సిలిండర్ తీసేసి, 272కు వచ్చే 52 బోరు సిలిండర్, పిస్టన్ బిగిస్తే 61.5 సీసీ కాస్తా 72 అవుతుంది. కేసింగ్ అదే, క్రాంక్ అదే. కార్బురేటర్ సరిగ్గా సెట్ చేసుకుంటే మంచి మార్పే, నేనూ చేశాను. సైలెన్సర్ తెరిచి కార్బురేటర్ మెయిన్ స్క్రూ ముట్టుకోకుండా వదిలేస్తే మాత్రం పెట్రోలు చాలక పిస్టన్ గీతలు పడి పోతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఈ పాత మిషన్ల పైపులూ డయాఫ్రమ్‌లూ దానికోసం చేసినవి కావు. పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి అని చెప్పీ చెప్పీ నా నోరు పోతోంది. వినేవాడు లేడు.

కానీ జనం ఎక్కువగా చేయించుకునే మార్పు ఇవేవీ కాదు. బ్రేకు పీకించడం. హస్క్‌వర్నా 61లో చైన్‌ను బిగించి ఆపే బ్రేకు బ్యాండు క్లచ్ కవర్‌లోనే ఉంటుంది. కవర్ పగిలితే బ్రేకుతో ఉన్నదానికి ఒక రేటు, బ్రేకు లేని ఉత్త కవర్‌కు చాలా తక్కువ రేటు. పొట్టు, బంక చేరి బ్యాండు పట్టేస్తే శుభ్రం చేసే ఓపిక ఉండదు. "అన్నా, ఆ రేకు చేతికి అడ్డమొస్తాంది, తీసెయ్" అంటారు. దానికి తోడు 18 అంగుళాల బార్ ఉండాల్సినచోట 28 అంగుళాలది తగిలిస్తారు, కొనదాకా ఆయిలు అందదు. చైన్ పళ్ల ముందుండే గట్లను ఆకురాయితో మరీ కిందికి అరగదీస్తారు, బాగా కొరుకుతుందని. కొరికేది నిజమే. ఎగిరి మీదపడేదీ దానివల్లే ఎక్కువవుతుంది.

నాలుగేళ్ల కిందట ఒక పిల్లోడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, అలాగే అడిగితే పది నిమిషాల్లో తీసిచ్చాను. నెల తిరగకముందే కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే కాంట్రాక్టు పనిలో వేపచెట్టు మీద ఉండగా మిషన్ ఎగిరి ఎడమ భుజం తెగింది. ప్రాణం దక్కింది. ఆ చెయ్యి ఇప్పటికీ తల పైకి లేవదు. పని ఇచ్చినాయన ఆస్పత్రికి ఒకసారి వచ్చి, కొంత డబ్బు ఇచ్చి, మిషన్ నీ సొంతం కదప్పా అని వెళ్లిపోయాడట. ఆ మిషన్ వాడి సొంతమే. దానికి బ్రేకు తీసింది మాత్రం నేను. ఈ విషయం ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు, పేపరుకు రాస్తున్నాను కాబట్టి దాచిపెట్టి రాయడం బాగుండదు.

బండికి సైలెన్సర్ మారిస్తే ట్రాఫిక్ పోలీసులు చలానా రాస్తారు, రాయాలి కూడా. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తెచ్చుకోవాలి. అదీ సరే. కానీ ఏ మిషన్‌తో కొడుతున్నావు, దానికి బ్రేకు ఉందా అని ఇన్నేళ్లలో నన్ను గానీ నా దగ్గరికి వచ్చేవాళ్లను గానీ అడిగినవాళ్లు లేరు. కడప జిల్లాలో శేషాచలం, లంకమల అడవుల వైపు రంపం కనిపిస్తే ఎర్రచందనం అనుమానంతో ఆపి, ఎవరిది, ఎక్కడికి అని ఆరా తీస్తారు. అది వాళ్ల డ్యూటీ. ఆపినప్పుడు అదే చేత్తో ఆ గార్డును ఒకసారి ముందుకు తోసి చూడొచ్చు కదా.

అలాగని లైసెన్సులు పెట్టమని నేను అడగడం లేదు. ఫిలిప్పీన్స్‌లో 2002లోనే చైన్‌సా చట్టం తెచ్చారు, మిషన్ ఉంచుకోవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. మన దగ్గర అది పెడితే కూలికి పోయేవాడు ఇంకో ఆఫీసు చుట్టూ తిరగడం తప్ప ఒరిగేది లేదు. నేను కోరేది చిన్నది. మున్సిపాలిటీలు, పంచాయతీలు, రోడ్లు, కరెంటు శాఖలు చెట్లు కొట్టే పని కాంట్రాక్టుకు ఇచ్చేటప్పుడు షరతుల్లో ఒక్క లైను చేర్చాలి: బ్రేకు పనిచేయని రంపంతో పని చేయించకూడదు, చేయిస్తే ప్రమాదం ఖర్చు కాంట్రాక్టరుదే అని. చూడటానికి ఇంజినీరు అక్కర్లేదు. మిషన్‌ను నేల మీద పెట్టి, గట్టిగా పట్టుకుని, రేజ్ చేసి గార్డు తోస్తే చైన్ వెంటనే ఆగాలి. రేజ్ వదిలేసి ఊరికే నడుస్తున్నప్పుడు చైన్ అసలు తిరగకూడదు, తిరిగితే క్లచ్ స్ప్రింగులు పోయినట్టో ఐడిలింగ్ ఎక్కువున్నట్టో. నిమిషం పని.

హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు కూడా కాంట్రాక్టరే ఇవ్వాలి. కాళ్లకు వేసుకునే దళసరి ప్యాంటు మాత్రం, దాని లోపలి పోగులు చైన్‌కు చుట్టుకుని ఆపేస్తాయి, గొప్ప వస్తువే. కానీ మే నెలలో అనంతపురం ఎండకు అది వేసుకుని చెట్టెక్కమని నేను ఎవరికీ చెప్పలేను. చెప్పేవాళ్లు ముందు వేసుకుని చూపించాలి.

ఇంకొకటి. మన గార్లదిన్నె దగ్గరే వ్యవసాయ యంత్రాలను పరీక్షించి, వాటి మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ట్రాక్టర్ల ట్రైనింగ్ సెంటర్ అంటే అందరికీ తెలుసు. రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రెండిట్లో ఎవరైనా ఏడాదికి రెండుసార్లు, చీనీ కొమ్మల కత్తిరింపులకు ముందు, రంపం పనివాళ్లకు ఒకరోజు శిక్షణ పెట్టాలి. పాత మిషన్లు అక్కడికే తెచ్చుకోమనాలి. ఆరోజు కూలి పోతుంది కాబట్టి అది ఇస్తేనే వస్తారు, ఈ ముక్క అధికారులకు ముందే తెలిసి ఉంటే మంచిది. బ్రేకు కవర్లు, బ్యాండులు సబ్సిడీ మీద ఇస్తే ఇంకా సంతోషం. కొత్త మిషన్లకు సబ్సిడీ అంటారు గానీ పాత మిషన్‌ను బాగుచేసుకునేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు.

నా బల్ల మీది 041 ఇప్పుడు చక్కగా నడుస్తోంది. ఇద్దరు బేరానికి వచ్చారు, ఇవ్వలేదు. శిక్షణ ఎప్పుడు పెట్టినా దాన్నీ, హస్క్‌వర్నా 61నూ పక్కపక్కన పెట్టి బ్రేకు ఉన్నదేదో లేనిదేదో చూపించడానికి నా ఖర్చుతోనే వస్తాను. ఆదివారమైతే మరీ మంచిది, షాపు సెలవు.

ఇట్లు,
ఒక టూ-స్ట్రోక్ మెకానిక్,
పాతూరు, అనంతపురం