మీ ఇంటి గంగాళం గురించి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టకు. తిట్లన్నీ దాచి ఉంచు, సంక్రాంతికి వచ్చినప్పుడు వరసగా తిడుదువు గాని. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, చిన్నవాడికి పరీక్షలు, ఇంటికి సున్నం వేయించాం. వార్తలు సమాప్తం.

ఇప్పుడు చెప్పు, భిలాయిలో మీ ఇంట్లో జలఉష ఇంకా ఉందా? నవ్వకు, నిజంగానే అడుగుతున్నాను. మీ పెరట్లో మనం జలప్రవేశం చేయించిన ఆ గంగాళమే. నెహ్రూ 1948లో సింధియా షిప్‌యార్డులో అసలు జలఉష ఓడను నీటిలోకి దింపితే, మనం మన ఓడను కొబ్బరికాయకు బదులు రోకలితో కొట్టి దింపాం. ఆ సొట్ట, మీ నానమ్మ కేక, నువ్వు లోపల ఇరుక్కుపోయి “కెప్టెన్ ఓడను వదలడు” అనడం... సరే, సొట్ట సంగతి తర్వాత.

నేను వన్‌టౌన్ మెయిన్ రోడ్డు కథలు పోగుచేస్తున్నానని కిందటి ఉత్తరంలో రాశాను కదా. పాత పోస్టాఫీసు దగ్గర మొదలుపెట్టి కురుపాం మార్కెట్ దాకా ఒక్కొక్క అరుగు దగ్గరా ఆగడం, ఈ కొట్టు ఎవరిది, అంతకు ముందు ఎవరిది, వాళ్ళ పిల్లను ఎవరికిచ్చారు అని అడగడం. విక్టోరియా రాణి విగ్రహం 1904లో పెట్టారనీ, కురుపాం మార్కెట్ ముఖద్వారం 1914 నాటిదనీ ఎవరైనా చెబుతారు. రాణిగారితో నాకేం పని? ఆవిడ ఎదురుగా సోడాలు అమ్ముకున్నవాడి సంగతి కావాలి నాకు. అడిగితే ముందు అనుమానం. “ఏం బాబూ, వాటాల తగువా?” కాగితాలు అన్న మాట వినగానే బీరువా తాళాలు బొడ్లోకి వెళ్ళిపోతాయి.

అందుకని కాగితాలు అడగడం మానేసి, అటక మీది ఇత్తడి సామాను చూపించమంటున్నాను. దానికి ఎవరూ అడ్డు చెప్పరు, పైగా కాఫీ ఇస్తారు. బిందె అంచును చింతపండుతో రుద్దితే చుక్కలు చుక్కలుగా పేరు బయటపడుతుంది. ఎవరి పెళ్ళికి, ఎవరిచ్చారు, ఏ సంవత్సరం. రిజిస్ట్రారు కచేరీలో కూడా ఇంత శుభ్రమైన దస్తావేజు దొరకదు.

ఇది విని మా పెద్దత్తయ్య ట్రంకు పెట్టె అడుగు నుంచి తాతయ్య ఇత్తడి కొట్టు చిట్టా తీసి నా ఒళ్ళో పడేసింది. ఇన్నేళ్ళూ దాని మీద మడత చీరలు పెట్టుకుందట! ఎర్ర గుడ్డ అట్ట, మొదటి పేజీలో పసుపు బొట్టు, పైన “శ్రీరామ”, కింద “చిత్రభాను నామ సంవత్సరం”. అంటే 1942 ఉగాది. ఆ పుస్తకం మూడు వారాలు కూడా సరిగ్గా నడవలేదు.

ఎందుకో నీకు తెలుసు. ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు కొలంబో మీద బాంబులు, ఆరోజు మన హార్బరు మీద. జపాను విమానాలు వచ్చాయి, ఊరు ఖాళీ అయింది. బాంబులు పడుతున్నా మా తాతయ్య కొట్టు మూయలేదని మా ఇంట్లో ప్రతి పెళ్ళి పందిట్లోనూ చెప్పుకునే వీరగాథ ఉంది చూడు, చిట్టాలో ఆ తేదీ పక్కనే “చోడవరానికి రెండు బళ్ళు, బాడుగ” అని రాసి ఉంది. మా బాబాయికి ఇంకా చూపించలేదు. చూపించను కూడా. పండగ పూట ఆయన ముఖం ఎందుకు మాడ్చాలి?

బాడుగ కింద ఇంకో పద్దు ఉంది. “నూతిలో వేసినవి: బిందెలు 22, గుండిగలు 9, గంగాళాలు 3.” సామాను బళ్ళలో పట్టక, కొట్టు వెనక ఉమ్మడి పెరట్లోని నూతిలో దింపేశారన్న మాట. ఆ పక్కింటి మామ్మగారికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. చీకట్లో ఒక్కొక్క బిందె బుడబుడమంటూ మునగడం ఆవిడకు ఇంకా గుర్తుంది. సామాను పోతుందేమోనని తాతయ్య గింజుకుంటుంటే మా నానమ్మ అందట: “బురుజుపేట అమ్మవారే నూతిలో ఉండి క్షేమంగా బయటికి వచ్చింది, మీ గుండిగలకేం భయం?” అమ్మవారు 1912లో నూతిలో దొరికిందని చెబుతారు కదా, అది మా నానమ్మకు బీమా కంపెనీ హామీ కన్నా ఎక్కువ.

తర్వాత పేజీలు ఖాళీ. వరసగా ఖాళీ. అవి తిప్పుతుంటే నా ఉత్సాహమంతా జారిపోయిందిరా. మెయిన్ రోడ్డు మీద అన్ని తలుపులూ వేసి ఉండటం, కుక్కలకు కూడా అన్నం పెట్టేవాళ్ళు లేకపోవడం... మామ్మగారు దాని గురించి ఏమీ చెప్పలేదు. అడిగితే కాఫీ చల్లారిపోతోందంది.

ఆషాఢంలో మళ్ళీ అక్షరాలు మొదలయ్యాయి. “నూతి నుంచి తీసినవి: బిందెలు 22, గుండిగలు 9, గంగాళాలు 2.” పక్కన చిన్నగా, “5 వీశెలది రాలేదు.”

ఇప్పుడు కుర్చీ గట్టిగా పట్టుకో. అన్ని నెలలూ ఆ ఉమ్మడి పెరట్లో ఊరు వదలకుండా ఉన్నది ఒక్క కుటుంబమే, హార్బరు గుమాస్తాగారిది. అంటే మీ తాతయ్య! ఆ మరుసటి ఏడాది పుస్తకంలో, వైశాఖంలో, “గుమాస్తాగారి అమ్మాయి పెళ్ళికి గంగాళం 1, 5 వీశెలు.” ఖరీదు రాయాల్సిన చోట అంకె లేదు, అడ్డగీత ఉంది. పైసా బాకీని కూడా వదలకుండా మూడు పేజీలు మోసుకొచ్చే మనిషి పెట్టిన గీత అది. దొంగతనం అంటావా, కానుక అంటావా, లేక ఇద్దరు పెద్దమనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోకుండా తేల్చుకున్న వ్యవహారం అంటావా? నాకు మూడోదే అనిపిస్తోంది, కానీ ఆ పెళ్ళి మీ మేనత్తదైతే గంగాళం మీ ఇంట్లోనే ఎందుకు ఉండిపోయింది? ఆవిడ పట్టుకెళ్ళలేదా? మీ నాన్నగారిని నెమ్మదిగా అడుగు. నేను అడగమన్నానని మాత్రం చెప్పకు, టౌన్ హాలు మెట్ల వ్యవహారం నుంచి ఆయన దృష్టిలో నా పరువు అంతంత మాత్రమే.

నువ్వు చేయవలసింది ఇది. చింతపండు తీసుకుని కుడివైపు కడియం కింద రుద్దు. మా కొట్టు గుర్తు చిన్న శంఖం, దాని కింద వీశెల అంకె. ఆ తర్వాత తూయించు. అయిదు వీశెలంటే ఏడు కిలోలు, సొట్టకు తరుగు లేదు. ఫోటో తీసేటప్పుడు శంఖం స్పష్టంగా పడాలి, నీ బొటనవేలు కాదు.

ఒకవేళ శంఖం ఉంటే బాకీ అడుగుతానని భయపడకు. వడ్డీ మాత్రం... ఉండు, కింద మామ్మగారి మనవడు పిలుస్తున్నాడు. వాళ్ళ అటక మీద ఇంకో చిట్టా దొరికిందట, తెల్లారితే అతను ఊరెళ్ళిపోతాడు. ఇది ఇలాగే మడిచి కవరులో పెట్టేస్తున్నాను. చెల్లెమ్మకు నమస్కారాలు.

నీ
బావ