రామగిరి ఖిల్లా రోప్‌వే గురించి పర్యాటక శాఖ మంత్రి గారికి ఒక ఫిట్టర్ రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను బొగ్గుబాయిలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. ఉండేది గోదావరిఖనిలో. కేంద్ర ప్రభుత్వ పర్వతమాల పథకం కింద మన రాష్ట్రంలో రోప్‌వేలు వేయాలన్న ప్రతిపాదనలు కదులుతున్నాయి. అందులో మా పెద్దపల్లి జిల్లాలోని కొండకోట రామగిరి ఖిల్లా పేరు కూడా ఉంది. ఆ వార్త పేపర్లో చదివి వినిపించినప్పుడు మా ఇంటామె ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు శ్రావణమాసంలో వాళ్ల నాయన వెంట కొండ కింది బేగంపేట ఊరి దిక్కు నుంచి కొండెక్కి, ఆయన ఏరిన మూలికల ఆకులూ వేర్లూ కొంగులో కట్టుకుని దిగేదట. ఇప్పుడు ఆమెకు రెండు మోకాళ్లూ పోయాయి. మా ఇంటి మెట్లెక్కడమే కష్టం. రోప్‌వే వస్తే మళ్లీ ఒక్కసారి పైకి పోవచ్చని ఆమె ఆశ.

కాబట్టి రోప్‌వే వద్దని నేను రాయడం లేదు. రావాలి. టెండరు కాగితం తయారయ్యే ముందు ఒక లెక్క చూడమని మాత్రం అడుగుతున్నాను.

నాకు ఈ యంత్రం గురించి ఏం తెలుసని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు ఇంక్లైన్ బాయిల్లో డ్యూటీకి దిగాలంటే నడకే దారి. దిగడం ఎట్లాగో దిగేవాళ్లం. షిఫ్టంతా పనిచేసి ఆ ఏటవాలులో మళ్లీ పైకి ఎక్కేసరికి ఊపిరి అందేది కాదు. తర్వాత సింగరేణి భూగర్భ గనుల్లో మ్యాన్ రైడింగ్ చైర్ లిఫ్టులు వచ్చాయి. మోటారు తిప్పే పెద్ద చక్రం, దాని చుట్టూ ఆగకుండా తిరిగే రోప్, రోప్‌ను పట్టుకుని వేలాడే చిన్న సీటు. కాళ్లు చెరోపక్క వేసి కూర్చుంటే లోపలికి తీసుకుపోతుంది. మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లను పైకి మోసే చైర్ లిఫ్టు మూలసూత్రం కూడా ఇదే. వాళ్లది వెలుగులో తిరుగుతుంది, మాది చీకట్లో తిరిగేది.

ఆ మంచుకొండల లిఫ్టుకు కూడా పుట్టిల్లు పనిస్థలమే. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో మొదటి చైర్ లిఫ్టు పెట్టారు. దాన్ని రూపొందించిన జేమ్స్ కరన్ అనే రైల్వే ఇంజనీరు అంతకుముందు అరటి గెలలను ఓడల్లోకి ఎక్కించే యంత్రాల మీద పనిచేశాడు. కదిలే తీగకు కొక్కేలు, కొక్కేలకు గెలలు. గెల స్థానంలో కుర్చీ పెట్టాడు. ఇది చదివిన రోజు మా తోటి ఫిట్టర్లందరికీ ఫోన్ చేసి చెప్పాను.

ఇప్పుడు ప్రపంచమంతటా స్కీ రిసార్టుల్లో ఈ పాత లిఫ్టులను తీసేసి కొత్తవి పెట్టే పని నడుస్తోంది. ఇద్దరు కూర్చునే కుర్చీల స్థానంలో ఆరుగురు, ఎనిమిది మంది కూర్చునేవి వస్తున్నాయి. కొన్నిచోట్ల కుర్చీలే తీసేసి గొండోలాలు, అంటే రోప్‌కు వేలాడే మూసిన క్యాబిన్లు పెడుతున్నారు. పాత రకంలో కుర్చీ రోప్‌కు బిగించి ఉంటుంది. మనుషులు ఎక్కాలి, దిగాలి కాబట్టి రోప్ మొత్తం మెల్లగా, సెకనుకు రెండున్నర మీటర్లు మించకుండా పోవాలి. కొత్త రకంలో స్టేషన్లోకి రాగానే కుర్చీ రోప్‌ను వదిలేస్తుంది. లోపల మెల్లగా నడిచి, మనిషి కూర్చున్నాక మళ్లీ రోప్‌ను పట్టుకుని సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వేగం రెండింతలైతే లిఫ్టు మోసే మనుషుల సంఖ్యా రెండింతలవుతుందనుకుంటారు. కాదు. ఎన్ని సెకన్లకు ఒక క్యాబిన్ బయలుదేరుతుంది, అందులో ఎంతమంది పడతారు, ఈ రెండే ఆ సంఖ్యను తేలుస్తాయి. వేగం వల్ల ప్రయాణ సమయం తగ్గుతుంది, అంతే.

ఈ లెక్కను రామగిరికి వేసి చూద్దాం. ఇది నేను కాగితం మీద వేసుకున్న ఉదాహరణ మాత్రమే. ఎనిమిది మంది పట్టే క్యాబిన్ 24 సెకన్లకు ఒకటి బయలుదేరితే గంటకు 150 క్యాబిన్లు, అంటే 1,200 మంది పైకి పోతారు. చూడడానికి గొప్పగా ఉంటుంది. కానీ పైకి పోయినవాళ్లు వెంటనే దిగరు. దేవుణ్ని చూస్తారు, కోట గోడలు చూస్తారు, నీడలో కూర్చుని సద్ది తింటారు, ఫొటోలు దిగుతారు. తలా రెండు గంటలు ఉన్నారనుకోండి. అప్పుడు రద్దీ రోజున ఏ సమయంలో చూసినా కొండ మీద 2,400 మంది ఉంటారు.

వాళ్లకు నీళ్లు ఎక్కడివి? ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఎన్ని? కాకతీయుల కాలం నుంచి నిలబడిన ఆ గోడల మీదికి పిల్లలు ఎక్కకుండా చూసేది ఎవరు? ఇవి ఒక ఎత్తు. నన్ను నిద్రపోనివ్వనిది మరొకటుంది. శ్రావణం అంటే వానాకాలం. పడమట మబ్బు కమ్మి, గాలి లేచి, ఉరుము వినబడిందనుకోండి. ఆ 2,400 మందిని గంటకు 1,200 చొప్పున కిందికి దించడానికి రెండు గంటలు పడుతుంది. మబ్బు రెండు గంటలు ఆగదు. గాలి పెరిగితే, పిడుగుల భయం ఉంటే రోప్‌వేను ఆపాల్సిందే. కరెంటు పోతే డీజిల్ ఇంజన్ మీద నడిపిస్తారు కానీ ఆ నడక నత్తనడక. మోకాళ్లు పోయినవాళ్లు, చంటిపిల్లల తల్లులు రోప్‌వేనే నమ్ముకుని పైకి వచ్చినవాళ్లు. తడిసిన బండల మీద పాత కాలిబాటన ఎట్లా దిగుతారు?

అందుకే సార్, గంటకు ఎంతమందిని ఎక్కించాలన్నది ముందు తేల్చకండి. అనుకోకుండా వాతావరణం మారితే ఎంతమందిని క్షేమంగా దించగలమో ముందు తేల్చండి. ఆ సంఖ్య నుంచే మిగతావన్నీ రావాలి.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదని చెప్పడానికి ఒక ఊరి సంగతి రాస్తాను. అమెరికాలో యూటా రాష్ట్రంలో పార్క్ సిటీ అనే ఊరుంది. ఒకప్పుడు మన గోదావరిఖని లాగే గనుల ఊరు. అక్కడ వెండి తవ్వేవాళ్లు. గనులు దెబ్బతిన్నాక 1963లో గని కంపెనీయే అక్కడ స్కీ రిసార్టు మొదలుపెట్టింది. 1960లలో కొన్నాళ్లపాటు స్కీయింగ్‌కు వచ్చినవాళ్లను గని రైల్లో సొరంగం గుండా మైళ్ల దూరం లోపలికి తీసుకుపోయి, గని హాయిస్టులో కొండ పైకి లేపేవాళ్లట. బొగ్గు తర్వాత మన పిల్లలకు ఏం పని అని దిగులుపడే మాబోటి వాళ్లకు ఆ ఊరు దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది.

ఆ పార్క్ సిటీలో 2022లో రిసార్టు కంపెనీ రెండు లిఫ్టుల సామర్థ్యం పెంచాలనుకుంది. ఒకదాన్ని ఆరు సీట్ల నుంచి ఎనిమిది సీట్లకు మార్చడం అందులో భాగం. అనుమతి వచ్చింది, సామగ్రి సిద్ధమైంది. నలుగురు స్థానికులు అప్పీలుకు వెళ్లారు. కొండ ఇబ్బంది లేకుండా ఎంతమందిని మోయగలదో మీరు వేసిన లెక్క సరిగ్గా లేదు, వచ్చేవాళ్ల కార్లు ఎక్కడ పెడతారో కూడా తేలలేదు అన్నారు. 2022 జూన్‌లో ఆ ఊరి ప్లానింగ్ కమిషన్ వాళ్ల మాట విని అనుమతిని వెనక్కి తీసుకుంది. ఆ లిఫ్టులు చివరికి కెనడాలోని విస్లర్ కొండలకు పోయాయి. సామగ్రి కొన్నాక ఆగడం కంటే కాగితం మీద ఉన్నప్పుడే చూసుకోవడం మేలు కదా. రామగిరి దగ్గర ఇంకా ఒక్క పునాది గుంత తవ్వలేదు. ఇదే సరైన సమయం.

కొన్నేళ్ల కింద మేమిద్దరం ఉత్తరాదిలో ఒక మంచుకొండ చూడడానికి పోయాం. ఆ చోటి పేరు రాయను. కింద లైన్లో మూడు గంటలు నిలబడ్డాం. పైన అరగంట ఉన్నామో లేదో, మంచు కురవడం మొదలై గొండోలా ఆపేశారు. తలదాచుకోవడానికి ఒక్క టీ దుకాణం రేకులే దిక్కు. మా ఇంటామె నా చెయ్యి పట్టుకుని వణికిపోయింది. ఎప్పుడు నడుస్తుందో చెప్పే మనిషి లేడు. అప్పటి ఆ టెన్షన్ మా ఊరి కొండ మీద ఇంకెవరికీ రాకూడదు.

మన దేశంలో జరిగినవి మీకు తెలియనివి కావు. గుల్మార్గ్ గొండోలా దగ్గర 2017 జూన్‌లో ఈదురుగాలికి చెట్టు కూలి తీగల మీద పడితే ఏడుగురు చనిపోయారు. తీగల పక్కన పెరిగే చెట్టును ఏటా చూసి కొట్టించడం కూడా యంత్రం పనిలో భాగమే. జార్ఖండ్‌లోని త్రికూట కొండ మీద 2022 ఏప్రిల్‌లో రోప్‌వే ఆగిపోయి, రాత్రులు క్యాబిన్లలోనే గడిపినవాళ్లను వాయుసేన హెలికాప్టర్లతో దించాల్సి వచ్చింది. ముగ్గురు ప్రాణాలు పోయాయి. మా జగిత్యాల జిల్లా కొండగట్టును కూడా ఎట్లా మరుస్తాం? 2018 సెప్టెంబర్ 11న ఘాట్ రోడ్డు మీద పట్టాల్సిన దానికంటే ఎంతో ఎక్కువ మందిని ఎక్కించుకున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. దేవుణ్ని చూసుకుని దిగుతున్న మనుషులు సార్ వాళ్లు.

వీటన్నిటికంటే ఫిట్టర్‌గా నన్ను కలచివేసింది ఇటలీలోని మొత్తరోనే కేబుల్ కార్ ప్రమాదం. 2021 మే 23న లాగే తీగ తెగింది. అట్లాంటప్పుడు క్యాబిన్‌ను పట్టి ఆపడానికే ఎమర్జెన్సీ బ్రేకు ఉంటుంది. కానీ ఆ బ్రేకు అప్పటికి కొన్నాళ్లుగా ఊరికే పడిపోతూ సర్వీసును ఆపేస్తోందట. లోపం ఎక్కడుందో వెతికి బాగుచేయకుండా, అది పడకుండా ఫోర్కు లాంటి ఇనుప అడ్డు పెట్టి నడిపించారు. పద్నాలుగు మంది చనిపోయారు. ఒక్క చిన్న పిల్లవాడు బతికాడు.

సేఫ్టీ స్విచ్చును బైపాస్ చేయడం అంటే ఏమిటో యంత్రాల దగ్గర బతికినవాడికి తెలుసు. ఎవరూ మనుషుల్ని చంపాలని చేయరు. ఆగితే నష్టం, ఆగితే పైవాళ్ల తిట్లు, బయట జనం లైన్లో అరుస్తున్నారు, ఈ ఒక్క పూటకు కానిద్దాం అనుకుంటారు. మాకు పని నేర్పిన పెద్దాయన రోప్ పరీక్షకు ముందు చేతిలో కాటన్ వేస్టు, అంటే నూలు పీచు పెట్టేవాడు. దాన్ని రోప్ చుట్టూ పట్టుకుని మెల్లగా తిప్పిస్తే, ఎక్కడైనా సన్నని తీగ తెగి ఉంటే నూలు దానికి చిక్కుకుంటుంది. అక్కడ ఆపి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, తెగిన తీగలు లెక్కపెట్టి రిజిస్టర్లో రాయాలి. ఇప్పుడు లోపలి తీగలను కూడా అయస్కాంతంతో పరీక్షించే పరికరాలున్నాయి. పరికరం ఏదైనా, రాసే చెయ్యికి భయం ఉండకూడదు.

అందుకే ఒప్పందంలో ఒక్క మాట రాయించండి. కేదార్‌నాథ్ రోప్‌వేను ప్రైవేటు వాళ్లే డిజైన్ చేసి, పెట్టుబడి పెట్టి, కట్టి, నడిపి, తర్వాత అప్పగించే పద్ధతిలో ఇస్తున్నారు. 12.9 కిలోమీటర్లకు 4,081 కోట్లు. మనదీ ఏదో ఒక కంపెనీ నడిపితే దాని రాబడి టికెట్ల మీద ఆధారపడుతుంది. ఆపిన ప్రతి గంటా నష్టమే అయితే ఆపడానికి ఎవరికి చెయ్యి వస్తుంది? గాలి వల్లగానీ, యంత్రం మీద అనుమానం వల్లగానీ ఆపితే కంపెనీకి జరిమానా ఉండకూడదు, ఆపిన ఆపరేటర్‌కు జీతం కోత ఉండకూడదు. ఆపాల్సినప్పుడు ఆపకపోతేనే శిక్ష. రోప్ పరీక్ష రిజిస్టరు టికెట్ కౌంటర్ పక్కనే, ఎవరైనా చదివేలా తెలుగులో ఉండాలి. కంపెనీతో సంబంధం లేని తనిఖీ అధికారి ఎవరో, ఎప్పుడు వచ్చాడో అక్కడే రాసి ఉండాలి.

పనివాళ్ల సంగతి. రోప్, హాలేజీ (రోప్‌తో బరువు లాగే యంత్రం), బేరింగు, బ్రేకు తెలిసిన మనుషులు ఈ గనుల ఊళ్లలో ఉన్నంతమంది ఇంకెక్కడా దొరకరు. మా పిల్లలు ఐటీఐ చేసి ఖాళీగా తిరుగుతున్నారు. రెస్క్యూ పని నేర్పించి బేగంపేట, కమాన్‌పూర్, మంథని పిల్లలను పెట్టుకోండి. ప్రమాదం జరిగిననాడు మొదట పరుగెత్తుకొచ్చేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. నడిచేవాళ్ల బాట మూయకండి. మూలికల కోసం వచ్చేవాళ్లు కొండంతా తిరుగుతారు, టవర్ల కోసం తుప్పలు కొట్టేముందు ఏ మొక్క ఎక్కడుందో వాళ్లనడగండి.

చివరగా ఒక్క విన్నపం. డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) సిద్ధమయ్యాక, టెండరు పిలవకముందే, దాన్ని తెలుగులో బేగంపేట గ్రామపంచాయతీలో పెట్టించి గ్రామసభ జరిపించండి. కొండ మీద ఒకేసారి ఎంతమందికి చోటు, వాన వస్తే వాళ్లను ఎన్ని నిమిషాల్లో దించుతారు అనే రెండు అంకెలు అందులో మొదటి పేజీలోనే ఉండాలి. ఆ సభకు నేను వస్తాను. మా ఇంటామెను కూడా ఆటోలో తీసుకొస్తాను. ఆ కొండ మీద నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ బండ జారుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా