5 లక్షల ఆవు మన శాలకు రావడం లేదు: లెక్క ఇదీ

మన దగ్గర వాడుక పాలు పోయించుకునే అందరికీ నమస్కారం.

మేలు జాతి ఆవును తెస్తున్నారటగా అని పర్లాకిమిడిలో ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. తేవాలనుకున్న మాట నిజమే. వంశావళి కాగితాలతో సహా అమ్మకానికి వచ్చిన, పాలకు పేరున్న విదేశీ జాతి హోల్‌స్టీన్ ఆవు అది, ధర 5 లక్షలు. నా మీద నమ్మకంతో మీలో కొందరు పాల డబ్బు ముందుగానే ఇచ్చారు. అన్నీ చూసుకున్నాక కొనకూడదని తేల్చుకున్నాను. మీ డబ్బు కూడా ఉన్న వ్యవహారం కాబట్టి ఎందుకో దాచకుండా చెబుతున్నాను.

ముందు వాట్సాప్‌లో తిరిగే 40 కోట్ల ఆవు సంగతి. బ్రెజిల్‌లో ఉన్న ఆ ఆవు పేరు వియాటినా-19. మన ఒంగోలు పశువుల వంశం నుంచి అక్కడ తయారైన నెలోర్ జాతి. ఆ మొత్తం ఒకరు చెల్లించింది కాదు. 2023లో మూడో వంతు వాటా వేలానికి పెడితే, పలికిన ధరనుబట్టి ఆవు మొత్తానికి కట్టిన విలువ. పైగా నెలోర్‌ను అక్కడ మాంసం కోసం పెంచుతారు, పాల కోసం కాదు. పాల ఆవుల్లో చెప్పుకోవాలంటే మిస్సీ అనే హోల్‌స్టీన్ ఉంది. 2009లో టొరంటోలో 12 లక్షల డాలర్లు పలికింది. కొన్నవాళ్లు పాలమ్మి ఆ డబ్బు రాబట్టుకోవాలనుకోలేదు. అలాంటి ఆవు నుంచి పిండాలు తీసి, మామూలు ఆవుల కడుపున పెంచి, దూడల్నీ పిండాల్నీ అమ్ముతారు. ఆ వ్యాపారం చేసేవాళ్లకు ఆ ధర తప్పు కాదు. నేను అమ్మేది పాలు మాత్రమే.

ఇక మన లెక్క. ఇక్కడ దొరికే మంచి సంకర జాతి ఆవు 80 వేలు అనుకోండి. ఒక ఈతలో, అంటే ఈనాక పాలిచ్చినన్నాళ్లూ, సగటున రోజుకు 10 లీటర్లు ఇస్తుంది. 5 లక్షల ఆవు 15 ఇస్తుందనుకుందాం. పాలిచ్చే 305 రోజులకు అదనంగా వచ్చేవి 1,525 లీటర్లు. లీటరు 60 రూపాయల చొప్పున 91,500. రెండున్నర లీటర్లకు కిలో దాణా పెట్టాలి కాబట్టి రోజుకు ఇంకో 2 కిలోలు, కిలో 30 లెక్కన 18,300 ఖర్చు. మిగిలింది 73 వేలు. అదనంగా పెట్టిన 4 లక్షల 20 వేలకు 12 శాతం వడ్డీ అంటేనే 50 వేలు దాటింది. బీమా నాలుగు శాతం వేసుకున్నా దాదాపు 17 వేలు. చివరికి చేతిలో ఉండేది ఐదారు వేలు. అసలు తీరేదెప్పుడు? ఒక్క ఎద తప్పి చూడి నిలవడం ఆలస్యమైనా ఆ ఐదారు వేలు కూడా ఉండవు.

ఆ 15 లీటర్లయినా గ్యారంటీ కాదు. ఆవుకూ ఆవుకూ పాలల్లో కనిపించే తేడాలో పుట్టుకతో వచ్చేది పాతిక శాతం నుంచి మూడో వంతు దాకా. మిగతాదంతా మేత, నీళ్లు, ఎండ, రోగాలు, పితికే చెయ్యి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఉక్క మీకు తెలిసిందే. హోల్‌స్టీన్ చలి దేశపు ఆవు. ఉక్కలో నోరు తెరిచి రొప్పుతుంది, మేత ముట్టదు, పాలు దించేస్తుంది. పిడుదుల వల్ల వచ్చే థైలీరియా జ్వరం మన నాటు ఆవులకంటే వీటినే ఎక్కువ పీడిస్తుంది. లంపీ చర్మ వ్యాధి మన దేశంలో మొదట బయటపడింది కూడా 2019లో మన ఒడిశాలోనే. శాల పెట్టుబడంతా ఒక్క పశువు మీద పెట్టి, దానికి జ్వరమొస్తే రాత్రంతా టెన్షన్ పడుతూ కూర్చోలేను.

కాగితాల గురించి కూడా చెప్పాలి. వంశావళి పనికిరాదని నేననను, దాని వెనక పాల రికార్డు ఉండాలంటాను. చెవి ట్యాగుకు 12 అంకెల నంబరుంటుంది. ఆ నంబరు మీద ఈతలు, సూదులు, పాలు నమోదై ఉంటే ఆ కాగితానికి విలువ. నేను ఏ ఆవును చూడబోయినా వరుసగా మూడు పూటలు పితికించి చూస్తాను. ఒక పూట పితకకుండా ఆపితే ఎంత చిన్న పొదుగైనా నిండుగా కనిపిస్తుంది. నాలుగు చన్నుల్లోనూ మొదటి ధారలు నల్ల గుడ్డ మీద పిండితే, పొదుగువాపు ఉన్నచోట తెల్లటి తరకలు గుడ్డ మీద నిలుస్తాయి. ఈసారి మూడో పూట పితికి చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోలేదు. అంత ధర చెప్పినప్పుడు నాకది చాలా పెద్ద విషయం.

మేలు రక్తం వద్దని కాదు. అది కోడె వైపు నుంచి చాలా చవకగా దొరుకుతుంది. ఎందరో కూతుళ్ల పాలు కొలిచి మంచిదని తేల్చిన కోడె వీర్యం, ద్రవ నత్రజనిలో దాచిన చిన్న స్ట్రాలో మన ఊరికే వస్తుంది. ఆడదూడలే 90 శాతం దాకా పుట్టే రకం కూడా ఉంది. మన శాలలో ఎండకు అలవాటుపడ్డ జెర్సీ సంకర ఆవులకు ఆ వీర్యం సూదులే వేయిస్తున్నాను. అలా పుట్టిన రెండు పెయ్యలు ఇప్పుడు చూడితో ఉన్నాయి, దసరా నాటికి ఈనాలి. తల్లి ఎంత తింటుందో, ఎప్పుడెప్పుడు జబ్బుపడిందో నా కళ్లముందు జరిగిన సంగతే. అలాంటి పెయ్య మీద నాకున్న నమ్మకం ఏ కాగితం మీదా లేదు.

గుజరాత్ నాటు జాతి గిర్ ఆవును తెచ్చి, ఒంటికి మరింత మంచివని ప్రచారంలో ఉన్న ఏ2 రకం ప్రోటీన్ పాలు పోయమని అడిగినవాళ్లకు: 2024 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయొద్దంది, వారం తిరక్కుండానే ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇంకా తేలని విషయం చెప్పి మీ దగ్గర లీటరుకు రెట్టింపు తీసుకోవడానికి నాకు మనసొప్పదు.

ఆవుకని దాచిన నా సొంత డబ్బుతో శాలకు పెద్ద ఫ్యాన్లు, పైకప్పు మీద నీటి తుంపరలు, గడ్డి కోసే మిషను పెడుతున్నాను. పొలంలో ఒక ముక్కలో సూపర్ నేపియర్ అనే పశువుల మేత గడ్డి వేశాను. లీటరు ధర ఇప్పట్లో పెంచను. వేసవిలో మాత్రం పాలు తగ్గుతాయి. బయట కొని కలపను కాబట్టి, లోటున్న రోజు ముందు సాయంత్రమే ఫోన్ చేసి అందరికీ సమానంగా తగ్గిస్తాను. పసిపిల్లలూ ముసలివాళ్లూ ఉన్న ఇళ్లకు మాత్రం తగ్గించను, దీనికి మిగతావాళ్లు ఒప్పుకోవాలని కోరుతున్నాను.

ముందుగా డబ్బు ఇచ్చినవాళ్లది ఈ నెల పాల లెక్కలో సర్దుతున్నాను. నగదే కావాలంటే పొద్దున పాలు పోసేటప్పుడు ఒక మాట చెప్పండి, మర్నాడు పట్టుకొస్తాను.