హెడ్మాస్టరు గారి వ్యాగనార్

పర్లాకిమిడి, ఒడిశా,
ఆదివారం

బావా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "షాపు బాగానే నడుస్తోంది కదరా, పన్నెండేళ్ల పాత బండి కొనడమేంటి, నీకేమైనా పిచ్చా?" అని నువ్వు అరుస్తుంటే పక్క గదిలోంచి మీ చెల్లి పగలబడి నవ్వింది. దసరా వెళ్లిన వారం తనూ నన్ను ఇదే మాట అంది, కాకపోతే కాస్త తక్కువ గొంతుతో. ఫోన్లో చెబుదామంటే సగంలో ఎవరో ఒకరు మోటారు కాలిపోయిందని వచ్చి కూర్చుంటారు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. మాట్లాడినట్టే రాస్తాలే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని గ్రాంథికం రాస్తే పాపం తగులుతుంది.

నా తిరుగుడు నీకు తెలుసు. వారంలో నాలుగు రోజులు కాశీనగర్ వైపో గుణుపూర్ వైపో పోవాలి. వంశధార ఒడ్డున పొలాల్లో పంపుసెట్లు ఆగిపోతే మన దగ్గరకే వస్తారు. ఇన్నాళ్లూ బైకు వెనక మోటారు కట్టుకుని తిరిగాను. మొన్న వానాకాలం బురదలో బైకు జారి మోటారు కాలి మీద పడింది. ఎముక విరగలేదు గానీ పదిహేను రోజులు షాపులో కాలు స్టూలు మీద పెట్టుకునే కూర్చున్నాను. దానికి తోడు అమ్మ మోకాళ్లు. నెలకోసారి శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆటోలో పాతపట్నం, అక్కణ్ణుంచి బస్సు. ఆ బస్సు మెట్టు ఎక్కడం ఆవిడకి మహేంద్రగిరి ఎక్కినంత పని.

కొత్తవి చూడలేదనుకోకు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆ వారమే షోరూంకి వెళ్లాను. కూల్‌డ్రింక్ ఇచ్చారు. ఇన్సూరెన్సు, రోడ్ టాక్స్, మ్యాట్లు, ఇంకా ఏవేవో కలిపి చివరి అంకె చెప్పేసరికి కూల్‌డ్రింక్ చల్లదనం పోయింది. అయినా నన్ను వెనక్కి లాగింది డబ్బొక్కటే కాదు బావా. ఆ మెరిసే బండి డిక్కీ తెరిచి, ఇందులో బురద అంటిన మోటారు ఎలా పెడతాను అనుకున్నాను. మా పక్క షాపాయన పెద్ద బండి కొన్నాడు. దానికి గుడ్డ కప్పి ఉంచుతాడు. కూరగాయలకి స్కూటీ మీదే వెళ్తాడు, సందులో గీత పడుతుందట! నాకు కావలసింది చెప్పుల్లాగా గుమ్మం దగ్గర విడిచి, పొద్దున్నే మళ్లీ వేసుకుని పోయే బండి.

మొదట వైజాగ్‌లో ఒక డీలర్ దగ్గర చూశాను. పేరెందుకులే. మీటరు మీద 41 వేల కిలోమీటర్లు. చూడటానికి పెళ్లికూతురిలా ఉంది. కానీ క్లచ్ పెడల్ రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా ఉంది, స్టీరింగ్ మెరుస్తోంది, డ్రైవరు సీటు ఒక పక్కకి కుంగిపోయి ఉంది. నలభై వేలకి ఇంత అరగదు. మీటరు తిప్పేశారన్నమాట. డిక్కీలో స్టెప్నీ తీయించి కింద వేలు పెట్టి చూశాను, ఎండిన ఒండ్రు మట్టి గోటికి అంటింది. డ్రైవరు సీటు బెల్టు చివరిదాకా లాగాను. లోపలి భాగంలో అడ్డంగా గోధుమరంగు చార. నీళ్లు అంతవరకూ వచ్చాయని బెల్టే చెబుతోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో టీవీలో చూశాం కదా. ఇది అక్కణ్ణుంచే వచ్చిందని నేననను, కానీ ఎక్కడో ఒకచోట మునిగింది. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు లోపల ఎవరు కడుగుతారు? ఆ కుర్రాడు "సార్, టీ తాగుతారా" అన్నాడు. తాగకుండానే ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చి బస్సెక్కేశాను.

రెండోది డీజిల్ స్విఫ్టు, శ్రీకాకుళంలో. మంచి బండే. రోజుకి ముప్పై, నలభై కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ తిరిగేవాడికి డీజిలెందుకని వదిలేశాను.

మూడోదే ఇది. పార్వతీపురంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారిది. 2013 మోడల్ వ్యాగనార్, తెల్లది, 998 సీసీ పెట్రోలు, 62 వేల కిలోమీటర్లు. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్లో చెప్పాను. వేడెక్కిన ఇంజను ఎవరికైనా బాగానే స్టార్ట్ అవుతుంది, చల్లారినదే నిజం చెబుతుంది. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా ఉంది. ఆయన నవ్వి "పదో తరగతి ఇన్విజిలేటర్‌లా ఉన్నావే" అన్నారు. ఒక్క తిప్పుకి అందుకుంది. సైలెన్సరు దగ్గర కూర్చుని చూశాను. నీలం పొగ లేదు. ఆయిల్ మూత తీస్తే కింద తెల్లటి నురగ లేదు. గేరు రాడ్డు మాత్రం వణుకుతోంది. మూడు సిలిండర్ల ఇంజనుకి ఆ వణుకు పుట్టుకతోనే వచ్చింది, దానికి భయపడక్కర్లేదు. డోర్ల రబ్బరు బీడింగ్ కాస్త లాగి చూస్తే కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా, సమానంగా ఉన్నాయి. అంటే పెద్ద దెబ్బ తిని టింకరింగ్‌కి వెళ్లిన బండి కాదు. వెనక ఎడమ డోరు మీద ఒక సొట్ట ఉంది. ఎవరిదో ఆవు అట.

అప్పుడు ఆయన లోపలికి వెళ్లి ఒక రూళ్ల పుస్తకం తెచ్చారు. బ్రౌన్ పేపరు అట్ట, మీద లేబుల్ అంటించి "వాహనము" అని రాసి ఉంది. కొన్న రోజు నుంచి పోసిన ప్రతి లీటరు పెట్రోలు, మార్చిన ప్రతి ఫిల్టరు, వేసిన ప్రతి పంక్చరు, తారీకుతో, మీటరు అంకెతో, నీలం సిరాతో. "ముందు ఎడమ టైరు, మేకు, రూ. 80." ఏటా ఆయిల్ మార్పు, బండి ఎక్కువ తిరగకపోయినా సరే. 2020లో ఒక పేజీలో మూడు నెలలకి ఒకే మాట: "కదలలేదు. వారానికొకసారి స్టార్ట్ చేయడమైనది." లాక్‌డౌన్! నేను అక్కడే పడిపోయాను బావా. కారు కన్నా ఆ పుస్తకాన్నే కొన్నాననుకో.

ఆయన 2,40,000 అన్నారు. నేను 1,90,000 అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ఇంకేమీ అనలేదు. 2,15,000 దగ్గర ఆగాం. తాళాలు ఇస్తుంటే మేడమ్ గారు బయటికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, సొట్ట పడ్డ డోరు మీద చెయ్యి వేసి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు.

ఇప్పుడు నువ్వు కొంటానంటున్న పన్నెండు లక్షల బండి సంగతి. పది లక్షలు లోను, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అన్నావు కదా. కూర్చుని లెక్క వేశాను. నెలకి 16,089. మొత్తం మీద వడ్డీయే మూడున్నర లక్షలు. నా బండి కన్నా నీ వడ్డీయే ఖరీదు! నాకు ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ భాగం పన్ను కాకుండా 2,094 పడింది. వెయ్యి సీసీ లోపు ఆ రేటు, అది దాటితే 1,500 దాకా 3,416. ఆ రెండు సీసీల తేడాతో నేను గట్టెక్కాను. ఆయిల్, ఫిల్టరు మార్చుకుంటే రెండు వేల లోపే.

మరి ఏమీ ఇబ్బంది పెట్టలేదా అంటే పెట్టింది. అది కూడా చెప్పాలి. పండగ వెళ్లాక అమ్మనీ మీ చెల్లినీ చంద్రగిరి తీసుకెళ్లాను, అక్కడ టిబెటన్ల గుడి ఉంది కదా, జిరంగ్‌లో, అది చూపిద్దామని. తిరిగొస్తుంటే ఆర్. ఉదయగిరి ఇంకా రాకముందే ఘాట్‌లో క్లచ్ పెడల్ ఠక్కుమని నేలకి అంటుకుపోయింది. కేబుల్ తెగింది. ఫోన్ సిగ్నల్ లేదు. అప్పుడు మన ఐటీఐ రోజులు గుర్తొచ్చాయి. ఇంజను ఆపి, మొదటి గేరులో పెట్టి, అలాగే తాళం తిప్పాను. స్టార్టరే బండిని ముందుకి తోసింది, ఇంజను అందుకుంది. ఎగుడు రోడ్డు మీద ఎడ్లబండిలా కుదుపుతూ వెళ్తుంటే వెనక సీట్లోంచి అమ్మ "ఏట్రా, ఇది కారా, దున్నపోతా?" అంది. కాస్త దూరంలో చెట్టు కింద రేకుల షెడ్డు. మోటారు సైకిళ్లు, ఆటోలు చేసే కుర్రాడు. బోనెట్ ఎత్తి చూసి "కిచ్ఛి నాహీ బాబు" అన్నాడు. ఏమీ లేదట! అక్కడ సిగ్నల్ దొరికాక పక్క షాపాయనకి ఫోన్ చేస్తే (గుడ్డ కప్పిన బండాయనే, మనిషి బంగారం) కేబుల్ కొని బస్సు డ్రైవరు చేతికిచ్చాడు. బస్సు వచ్చేదాకా మేము ముడీ (మరమరాలు), ఆలూ చాప్ తిన్నాం. కేబుల్ 380, కుర్రాడికి 150. చీకటి పడేలోపు ఇంట్లో ఉన్నాం.

నేను చెప్పేది ఇదే. పాతది చెడదని కాదు. చెడితే చెట్టు కింద కుర్రాడు కూడా విప్పగలడు, విడిభాగం బస్సు డ్రైవరు చేతిలో వస్తుంది. మా జిల్లాలో రోడ్డు మీద ఉన్న చిన్న కార్లన్నీ అల్టోలు, వ్యాగనార్లు, పాత శాంట్రోలే. వాటి కడుపులో ఏముందో తెలియని మెకానిక్ లేడు. కంప్యూటరు తగిలిస్తే గానీ జబ్బు చెప్పని బండికి ఆ ఘాట్‌లో నేనేం చేసేవాణ్ణి?

ఇంజను గురించి ఒక మాట. శాంట్రోకి టైమింగ్ బెల్టు ఉంటుంది. మా అన్నయ్య బండిలో అది తెగి వాల్వులు వంగిపోయాయి, ఇంజను విప్పించాల్సి వచ్చింది. ఈ వ్యాగనార్ ఇంజనులో బెల్టు బదులు చెయిను. అలాగని చెయిను చిరంజీవి కాదు, ఆయిల్ సరిగా మార్చకపోతే అదీ సాగుతుంది. హెడ్మాస్టరు గారి నీలం సిరా అక్కడ పనికొస్తోంది.

కాయితాల దగ్గర మాత్రం ఓపిక కావాలి. ఏపీ 35 నంబరు బండిని మా ఓడీ 20 నంబరుకి మార్పించాలంటే ముందు అటువైపు ఆఫీసు నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాయితం. ఫారం 28, 29, 30, అన్నిటి మీదా సంతకాలు. హెడ్మాస్టరు గారు ప్రతి కాయితం పూర్తిగా చదివి గానీ సంతకం పెట్టలేదు, ఒకచోట అక్షరదోషం కూడా దిద్దారు. ఎన్ఓసీ రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ తర్వాత ఇక్కడ మళ్లీ టాక్స్, కొత్త నంబరు. మా ఊళ్లో సగంమంది ఏళ్ల తరబడి ఏపీ నంబరుతోనే తిరుగుతారు, పాతపట్నం నడిచి వెళ్లేంత దూరమే కదా అని. కానీ వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే నంబరు మార్చుకోవాలన్నదే చట్టం. రేపు ఏదైనా యాక్సిడెంటు అయితే ఆ తలనొప్పి నాకొద్దు. ఇంకోటి, 2028లో దీనికి పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. అది కూడా లెక్కలో వేసుకునే కొన్నాను.

ఇక నిజం ఒప్పుకోవాల్సిన చోటు ఒకటుంది. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. పల్లె రోడ్ల మీద నలభై, యాభైలో పోయే నాకు నడుస్తోంది. టెక్కలి దాటి నేషనల్ హైవే ఎక్కితే మాత్రం లారీ పక్కనుంచి పోతున్నప్పుడల్లా వీపు చల్లబడుతుంది. శ్రీకాకుళం దాకా ఎడమ పక్కనే, అరవై దాటకుండా పోతాను. వైజాగ్ అయితే ఇప్పటికీ రైలే. మీ చెల్లి ఈ విషయంలో నాతో ఇంకా పోట్లాడుతూనే ఉంది, తనదే న్యాయం.

నువ్వు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకి వెళ్లేవాడివి, అందుకని నన్ను చూసి 2013 మోడల్ కొనకు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది, ఆ జూలై నుంచి డ్రైవరుకి ఎయిర్‌బ్యాగు. పక్క సీటుకి కూడా ఉందో లేదో అడిగి చూసుకో, ఎందుకంటే అది అన్నిటికీ తప్పనిసరి అయింది 2022లోనే. 2020, 21 నాటి చిన్న పెట్రోలు బండి, ఒకే చేతిలో ఉన్నది వెతుకు. టైరు పక్కన అచ్చుపోసిన డాట్ (DOT) కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడు, తయారైన తేదీ అదే. 2319 అంటే 2019లో 23వ వారం. బండి 2021ది, టైరు 2019ది అయితే ఎందుకని అడుగు. ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపు అంతా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలే, 2023కి ముందు బండ్లు దానికోసం చేసినవి కావు. నాకు మైలేజీ లీటరుకి పదహారు దగ్గర ఆగింది. పెట్రోలు రబ్బరు పైపులు సర్వీసుకి వెళ్లినప్పుడల్లా చూపించుకుంటున్నాను, నువ్వూ చూపించుకో. చెల్లెమ్మకి సన్‌రూఫ్ కావాలంటోందని అన్నావు. హైదరాబాద్ ఎండలో సన్‌రూఫ్ ఏమిటో నాకు అర్థం కాలేదు, అయినా మీ ఇంటి గొడవలో నేను దూరను.

శనివారం హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "అబ్బాయ్, ఎడమ ముందు టైరులో గాలి కొంచెం త్వరగా దిగుతుంది, చూసుకుంటున్నావా?" అన్నారు. నిజమే, దిగుతోంది. పుస్తకంలో రాశానని చెబితే సంతోషించారు.

వేసవిలో పిల్లల్ని తీసుకుని రా. పలాసలో దిగు, స్టేషను బయట నేనుంటాను. తెల్ల బండి, వెనక ఎడమ డోరు మీద సొట్ట. అది బాగుచేయించలేదు. ఆ సీట్లో అమ్మ కూర్చుంటుంది, కాబట్టి నువ్వు ముందు కూర్చోవాలి. మోటార్లు దింపి, డిక్కీ నీ సామాన్లకి ఖాళీ చేసి ఉంచుతాను. గ్రీజు వాసన మాత్రం ఉంటుంది.

నీ
బావ